బిళ్ళ గన్నేరు మందు, జారిపోయే చెప్పు

బ్లడ్ క్యాన్సర్‌కు కీమో నడుస్తున్న పిల్లల తల్లిదండ్రులు నెలా నెలన్నర తిరిగేసరికి డాక్టర్ దగ్గర ఒక మాట అంటుంటారు: "నడుస్తుంటే చెప్పు జారిపోతోంది సార్, వాడికి తెలియట్లేదు." పిల్లవాడు నాలుగడుగులు వేస్తాడు, చెప్పు రెండో అడుగు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు. డాక్టర్ మాత్రం బలం గురించి అడగడు, మడమల మీద నడిచి చూపించమంటాడు. పిల్లవాడు పాదం ముందుభాగం పైకెత్తలేకపోతే, ఆ పూట కేసు షీటులో ఒక మందు పేరు పక్కన గీత పడుతుంది. ఆ మందు విన్‌క్రిస్టీన్.

దీన్ని ఇచ్చిన మొక్కను తెలుగువాళ్లకు చూపించనక్కర్లేదు. పెరట్లో, గోడ పగుళ్లలో, గుడి ప్రాంగణంలో, రోడ్డు డివైడర్ల మీద ఏడాది పొడుగునా గులాబీ రంగులోనో తెలుపులోనో అయిదు రేకులతో పూసే బిళ్ళ గన్నేరు. పూజకు కోస్తారు, నీళ్లు పోయకపోయినా బతుకుతుంది, చేదుకు పశువులు మూతి పెట్టవు. దీని సొంత ఊరు మడగాస్కర్ దీవి. అక్కడి నుంచి ఓడలెక్కి వేడి దేశాలన్నిటికీ పాకింది. అసలు గన్నేరు వేరే మొక్క. రెండూ ఒకే కుటుంబానివే, రెండూ విషపూరితమే, కానీ విషాల తీరు వేరు. గన్నేరు గుండె మీద పనిచేస్తుంది, బిళ్ళ గన్నేరు కణాల లోపలి కట్టడం మీద పనిచేస్తుంది.

క్యాన్సర్ మందు కోసం ఈ మొక్కను ఎవరూ వెతకలేదు. వెతికింది షుగర్ మందు కోసం. కరీబియన్ దీవుల్లో, ఫిలిప్పీన్స్‌లో బిళ్ళ గన్నేరు ఆకు కషాయాన్ని షుగర్‌కు తాగే అలవాటు ఉండేది. 1952లో జమైకా నుంచి ఒక రోగి తన డాక్టర్‌కు ఓ కవరులో ఈ ఆకులు 25 పంపాడు. కవరు అందుకున్న డాక్టర్ క్లార్క్ నోబుల్. ఇన్సులిన్‌ను కనిపెట్టిన డాక్టర్ బాంటింగ్ పరిశోధనలో ముందుగా ఆయన పక్కన ఎవరు చేరాలని 1921లో టొరంటోలో నాణెం ఎగరేసినప్పుడు ఓడిపోయిన విద్యార్థి ఈయనే అని చెబుతారు. గెలిచిన చార్లెస్ బెస్ట్ పేరు లోకమంతా తెలిసింది. ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చిన ఈ కవరును క్లార్క్, కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీలో పనిచేస్తున్న తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపేశాడు.

రాబర్ట్ ఆ ఆకుల సారాన్ని ఎలుకలకు నోటి ద్వారా పట్టించి చూశాడు. షుగర్ తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశాడు. షుగర్ అప్పుడూ తగ్గలేదు, కానీ ఎలుకలు కొద్ది రోజుల్లోనే ఒంటినిండా చీముగడ్డలతో చచ్చిపోయాయి. ఇంకొకరైతే ఈ ఆకు పనికిరాదని రాసి పక్కన పెట్టేసేవారేమో. రాబర్ట్ మాత్రం ఎలుకల రక్తం పరీక్షించాడు. తెల్లరక్తకణాలు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి, రక్తకణాలు పుట్టే చోటైన ఎముక మూలుగ ఎండిపోయింది. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే సైన్యమే లేక మామూలు సూక్ష్మజీవులకే ఆ ఎలుకలు బలయ్యాయి. తెల్లకణాలను ఇంతగా నేలమట్టం చేసే పదార్థం, తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బులో ఏం చేస్తుంది? అసలు ప్రశ్న అక్కడ పుట్టింది. రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్ ఆయనతో చేరాక 1958 నాటికి ఆ పదార్థాన్ని విడదీశారు. అది విన్‌బ్లాస్టిన్. అదే సమయంలో అమెరికాలో ఎలీ లిలీ కంపెనీ కూడా షుగర్ కథ పట్టుకునే ఈ మొక్క దగ్గరకు వచ్చి, లుకీమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, పెట్టిన ఎలుకల మీద సారాన్ని పరీక్షిస్తే వాటి ఆయుష్షు పెరిగింది. అక్కడి గోర్డన్ స్వోబోడా బృందం వేరుచేసిన తోబుట్టువే విన్‌క్రిస్టీన్. 1963లో ఆంకోవిన్ పేరుతో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

తోబుట్టువులు అనడం ఊరికే కాదు. రెండు అణువుల ఆకారం ఇంచుమించు ఒకటే. ఒక నత్రజని పరమాణువు మీద విన్‌బ్లాస్టిన్‌కు మిథైల్ అనే చిన్న కొమ్మ ఉంటే, విన్‌క్రిస్టీన్‌కు అదే చోట ఫార్మైల్ ఉంటుంది. తేడా అంతే, రెండు హైడ్రోజన్లు పోయి ఒక ఆక్సిజన్ వచ్చింది. మనిషి ఒంట్లో మాత్రం ఆ తేడా చాలా పెద్దది. విన్‌బ్లాస్టిన్ ఎక్కువగా ఎముక మూలుగను దెబ్బతీస్తుంది, విన్‌క్రిస్టీన్ మూలుగను చాలావరకు వదిలేసి నరాలను పడుతుంది. వైద్యానికి ఈ గుణం ఎంతో కలిసొచ్చింది. కీమోలో వాడే మిగతా మందుల్లో ఎక్కువ భాగం మూలుగనే నలుపుతాయి. వాటన్నిటి పక్కన మూలుగ జోలికి పెద్దగా పోని మందును ఒకదాన్ని చేరిస్తే, రక్తకణాల మీద కొత్త భారం పెద్దగా పడకుండానే క్యాన్సర్ మీద ఇంకో దెబ్బ పడుతుంది. పిల్లల్లో వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకీమియా, లింఫు గ్రంథుల క్యాన్సర్లలో ఒకటైన హాడ్జ్‌కిన్ లింఫోమా, పెద్దవాళ్ల లింఫోమాలకు నాలుగు మందులు కలిపి ఇచ్చే చాప్ కీమో, పిల్లల కిడ్నీలో వచ్చే విల్మ్స్ ట్యూమర్, ఇన్నిటి ప్రోటోకాల్స్‌లో విన్‌క్రిస్టీన్ అరవై ఏళ్లుగా నిలబడి ఉండటానికి ఒక పెద్ద కారణం ఇదే.

ఇంతకీ అది కణంలో చేసే పని ఏమిటి?

కణం రెండుగా చీలే ముందు తన క్రోమోజోములన్నిటికీ నకళ్లు తీసుకుంటుంది. అసలూ నకలూ జతగా అతుక్కుని ఉంటాయి. ఆ జతలన్నిటినీ కణం నడిమధ్యన ఒక వరసలో నిలబెట్టి, ప్రతి జతలో ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు లాగాలి. ఆ లాగే తాళ్లను మైక్రోట్యూబ్యూల్స్ అంటారు. పేరుకు తాళ్లే గానీ, నిర్మాణం చూస్తే ఇటుకలతో కట్టిన గొట్టాలు. ఆల్ఫా, బీటా అనే రెండు రకాల ట్యూబ్యులిన్ ప్రొటీన్లు జంట కట్టి ఒక ఇటుక అవుతాయి. ఇటుక మీద ఇటుక చేరి ఒక నిలువు వరస, అలాంటివి 13 వరసలు గుండ్రంగా కూడితే ఒక బోలు గొట్టం. దాని అడ్డుకొలత సుమారు 25 నానోమీటర్లు, తలవెంట్రుక మందంలో మూడు వేలో వంతు అనుకోవచ్చు.

ఈ గొట్టం ఒక్క నిమిషం కూడా ఒకేలా ఉండదు. కొసన ఇటుకలు చేరుతూ పొడుగవుతుంది, ఉన్నట్టుండి కుప్పకూలి పొట్టిదవుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఇది లోపం కాదు, దాని పనే అది. చీకట్లో చెయ్యి చాపి స్విచ్ కోసం గోడ తడిమినట్టు, ఆ కొసలు క్రోమోజోముల కోసం తడుముతూ ఉంటాయి. పట్టు దొరికాక లాగడానికి కూడా ఈ తరగడమే ఆధారం. గొట్టం కొసన ఇటుకలు రాలుతుంటే క్రోమోజోము దాని వెంటే అంచు వైపు జరుగుతుంది.

విన్‌క్రిస్టీన్ వెళ్లి సరిగ్గా ఆ పెరిగే కొసన, ఇటుకకూ ఇటుకకూ మధ్య సందులో కూర్చుంటుంది. గొట్టం అంతటికీ మందు పట్టించాల్సిన పని లేదు, కొసన కొద్దిపాటి అణువులు చాలు. మందు తక్కువ మోతాదులో ఉంటే గొట్టం పెరగదు, తరగదు, బిగుసుకుపోతుంది. ఎక్కువైతే గొట్టం విడిపోయి ఇటుకలు వంకర తిరిగి చుట్టలు చుట్టుకుపోతాయి. ఎలాగైనా తడమడం ఆగిపోయినట్టే. క్రోమోజోములు నడిమధ్యన నిలబడి లాగేవాళ్లు లేక అలాగే ఉండిపోతాయి. ప్రతి క్రోమోజోముకూ తాడు అందిందా అని చూసే తనిఖీ ఏర్పాటు ఒకటి కణంలో ఉంది. అందనిది ఒక్కటున్నా ముందుకు వెళ్లనివ్వదు. కణం గంటల తరబడి అలా చీలిక మధ్యలో ఇరుక్కుని, చివరికి తనను తాను చంపుకుంటుంది. వేగంగా చీలే లుకీమియా కణాలు ఈ వలలో ఎక్కువగా పడతాయి. వెంట్రుకల కుదుళ్ల కణాలూ అంతే వేగంగా చీలుతాయి కాబట్టి జుట్టు రాలుతుంది. పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన ప్యాక్లిటాక్సెల్ కూడా ఈ గొట్టాలనే పట్టుకుంటుంది, కాకపోతే తలకిందులుగా. అది గొట్టాన్ని కూలనివ్వదు. రెండు దారులూ ఒకే చోటికి చేరతాయి, ఎందుకంటే కణానికి కావలసింది గొట్టం కాదు, గొట్టం కదలిక.

అయితే నరాల కణాలు చీలవు కదా, వాటికేం పని ఈ మందుతో? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నాడీకణంలో ఈ గొట్టాలకు రెండో ఉద్యోగం ఉంది. కాలి బొటనవేలి దాకా వెళ్లే నరం అంటే, నడుము దగ్గర ఉన్న కణం నుంచి బయలుదేరిన ఒకే ఒక్క పోగు. పొడుగు మనిషిలో అది మీటరు ఉంటుంది. ఆ పోగు చివర కావలసిన ప్రొటీన్లు, శక్తినిచ్చే మైటోకాండ్రియాలు తయారయ్యేది ఎక్కువగా కణం మొదట్లో. అక్కడి నుంచి సరుకు మీటరు దూరం మోసుకెళ్లే దారి ఈ మైక్రోట్యూబ్యూలే. కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది శివారు ఆయకట్టు. తలకట్టు దగ్గర పొలాలకు నాలుగు రోజులు ఏమీ తెలియదు. విన్‌క్రిస్టీన్ నరాల్లోనూ అదే జరుగుతుంది. రవాణా మందగిస్తే అన్నిటికంటే పొడుగైన పోగుల కొసలు ముందు దెబ్బతింటాయి. అందుకే మొదట కాలివేళ్లు, తర్వాత చేతివేళ్లు. డాక్టర్ మడమ వెనక, పిక్క కండను ఎముకకు కలిపే స్నాయువు మీద సుత్తితో కొడితే పాదం ఎగరాలి. ఈ మందు మీద ఉన్నవాళ్లలో ఆ ఎగురుడు మొదటే మాయమవుతుంది, చాలాసార్లు రోగికి ఏ బాధా తెలియకముందే. ఆ తర్వాత తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, పెన్ను పట్టు జారడం, చివరికి పాదం ఎత్తే కండరం మాట వినకపోవడం. చెప్పు జారిపోయేది అప్పుడే. తెల్లకణాన్ని చంపిన పనీ, చెప్పు జార్చిన పనీ వేరువేరు కావు. రెంటినీ విడదీసి మంచిదాన్ని మాత్రం ఉంచుకోవడం ఇంతవరకు పూర్తిగా సాధ్యపడలేదు.

కాళ్లూ చేతుల గురించి అందరూ అడుగుతారు, కడుపు గురించి చెప్పడానికి మొహమాటపడతారు. పేగులను కదిలించేవి కూడా నరాలే. మందు పడ్డాక మొదటి వారం పది రోజుల్లో మోషన్ గట్టిపడటం, రెండు మూడు రోజులు రాకపోవడం చాలా మామూలు. ఇది తిండి మారినందుకు వచ్చే మలబద్ధకం కాదు, అరటిపండుతో సర్దుకుంటుందని కూర్చోకూడదు. అందుకే చాలాచోట్ల మందుతో పాటే విరేచనం మెత్తబడే సిరప్ రాస్తారు. సిరప్ చేదుగా ఉందని పక్కన పెట్టేసి, నాలుగో రోజు పొట్ట ఉబ్బి వాంతులతో ఎమర్జెన్సీకి వచ్చే పిల్లలు తక్కువేమీ కాదు. పొట్ట బిర్రబిగిసి గ్యాస్ కూడా పోకపోతే పేగులు ఆగిపోయాయేమోనని చూడాలి. ఇంట్లో ఎనిమా ఇవ్వడం మాత్రం ప్రమాదం. కీమోలో తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు ఆసనం దగ్గర చిన్న గాయమైనా ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి ఎక్కుతుంది.

దవడ నొప్పి ఇంకోటి. ఇంజెక్షన్ పడ్డ ఒకటి రెండు రోజులకే దవడలో తీవ్రమైన నొప్పి వస్తే పంటి డాక్టర్ దగ్గరకు పరుగెత్తేవాళ్లున్నారు. పన్నుకు ఏమీ కాదు, ముఖం నరానిది ఆ బాధ. గొంతు బొంగురుపోవడం, ఒక కనురెప్ప వాలిపోవడం అరుదుగా కనిపిస్తాయి. ఒంట్లో నీరు నిలిచి రక్తంలో సోడియం పడిపోవడం, దానివల్ల ఫిట్స్ రావడం ఇంకా అరుదు. వాంతులు మాత్రం ఈ మందుతో తక్కువే. కీమో అంటే వాంతులే అనుకునేవాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది.

ఒకే మోతాదు ఒకరిని ఏమీ చేయక ఇంకొకరిని మంచాన పడేస్తుంది. కారణాలు కొన్ని తెలుసు. ఈ మందును కరిగించేది కాలేయం, బయటికి పంపేది పైత్యరసం. కామెర్లు ఉంటే మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకే రక్తంలో కామెర్ల పసుపు పదార్థం బిలిరుబిన్ ఎంతుందో చూసి మోతాదు తగ్గిస్తారు. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్, వోరికొనజోల్, పోసాకొనజోల్ లాంటివి కాలేయంలో ఈ మందును విరిచే ఎంజైమ్‌ను ఆపేస్తాయి. కీమోలో ఫంగస్ ఇన్‌ఫెక్షన్లు మామూలు కాబట్టి ఈ రెండూ ఒకే చీటీలో కలిసే అవకాశం ఎక్కువ. చర్మం మీద తామరకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే బిళ్లల్లో కూడా ఇట్రాకొనజోల్ ఉంటుంది. దాన్ని ఎవరూ డాక్టర్‌కు చెప్పాల్సిన విషయంగా అనుకోరు. చార్కో-మారీ-టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బు ఉన్నవాళ్లకు ఒకటి రెండు డోసులకే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. ఆ కుటుంబాల్లో జబ్బు ఉందనే సంగతి కొన్నిసార్లు ఈ మందు వల్లే బయటపడుతుంది. 2015లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం, సీఈపీ72 అనే జన్యువులో ఒక తేడా ఉన్న పిల్లలకు నరాల దెబ్బ ఎక్కువని చూపించింది. మోతాదు ఒంటి వైశాల్యాన్ని బట్టి చదరపు మీటరుకు సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాములే అయినా, మనిషి ఎంత పెద్దవాడైనా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటకుండా చాలాచోట్ల హద్దు పెట్టేది ఈ నరాల భయంతోనే.

మందు నరంలోకి, అంటే రక్తనాళంలోకి, మాత్రమే పోవాలి. రక్తనాళంలో పెట్టిన సన్నని గొట్టం, కాన్యులా, కాస్త పక్కకు జరిగి చర్మం కిందికి కారితే అక్కడి కండ కుళ్లుతుంది. చురుక్కుమన్నా, మంట పుట్టినా ఆ క్షణమే సిస్టర్‌ను పిలవాలి. మొహమాటానికి అది చోటు కాదు. అయితే ఇంతకు వంద రెట్లు ఘోరమైన పొరపాటు ఇంకోటి ఉంది, దానికి కారణం ఒక తెలుగువాడి కథతో ముడిపడి ఉంది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ దగ్గర లెడర్లే ప్రయోగశాలలో తన బృందంతో, కణాలు చీలడానికి కావలసిన విటమిన్ ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన మందులు తయారుచేయించాడు. వాటిలో అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో పిల్లల లుకీమియాను తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించగలిగాడు. ఆ ఫలితాలు అచ్చయిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడకంలో ఉంది. 1960ల మొదట్లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఫ్రై, ఫ్రైరైక్ అనే డాక్టర్లు విన్‌క్రిస్టీన్, మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్ నాలుగింటినీ కలిపి ఒకేసారి ఇచ్చారు. పిల్లల మీద విషాలు కుమ్మరిస్తున్నారని తోటి డాక్టర్లే అభ్యంతరం చెప్పారు. ఈరోజు సంపన్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదింట తొమ్మిది మంది బతుకుతున్నారంటే, ఆ దారి మొదలైంది అక్కడే.

విన్‌క్రిస్టీన్ మెదడులోకి, వెన్ను నీటిలోకి సరిగా చేరదు. లుకీమియా కణాలు అక్కడే దాక్కుంటాయి. అందుకే మెథోట్రెక్సేట్‌ను నేరుగా వెన్నులోకి ఇస్తారు. అంటే ఒకే పిల్లవాడికి, ఒకే రోజు, ఒకే గదిలో, ఒక సిరంజి వెన్నుకు, ఇంకో సిరంజి చేతికి. రెండూ తారుమారైతే విన్‌క్రిస్టీన్ వెన్ను నరాలను నేరుగా తాకుతుంది. పక్షవాతం కాళ్ల నుంచి పైకి పాకుతుంది, కొద్ది రోజుల్లోనో వారాల్లోనో దాదాపుగా మరణమే. 2001లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో 18 ఏళ్ల యువకుడు ఇలాగే చనిపోయాడు, అతని లుకీమియా అప్పటికే అదుపులో ఉంది. 1968 నుంచి అప్పటివరకు 55 ఘటనలు నమోదయ్యాయని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన హెచ్చరికలో ఉంది. సిరంజి మీద ఎర్ర అక్షరాలతో రాసినా జరుగుతూనే వచ్చింది. పనిచేసింది చాలా మామూలు ఉపాయం. విన్‌క్రిస్టీన్‌ను అసలు సిరంజిలోనే ఉంచకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి డ్రిప్‌గా ఇవ్వడం. సంచిని చూసి ఎవరూ వెన్నులోకి ఎక్కించాలనుకోరు. మనిషిని జాగ్రత్తగా ఉండమనడం కంటే పొరపాటుకు వీలు లేకుండా చేయడమే మేలని ఒప్పుకోవడానికి ఆసుపత్రులకు దశాబ్దాలు పట్టింది.

మొక్క ఊరంతా ఉన్నా మందు మాత్రం ఎప్పుడూ అరుదే. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు, గ్రాము విన్‌క్రిస్టీన్‌కు 2,000 కిలోలకు పైనే కావాలి. మన దేశంలో సిప్లా కంపెనీ పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీతో కలిసి 1984లో ఈ రెండు మందులనూ తయారుచేసే పద్ధతి రూపొందించింది. 2019లో అమెరికాలో ఒక కంపెనీ తయారీ ఆపేస్తే సరఫరా చేసేది ఇంకొకటే మిగిలి, అంత సంపన్న దేశంలోనూ పిల్లల డోసులు వాయిదా పడ్డాయి. 2022లో డెన్మార్క్ పరిశోధకులు ఈస్ట్‌లో 56 జన్యు మార్పులు చేసి, మొక్క విడివిడిగా తయారుచేసే రెండు సగాలను, విండోలిన్‌ను, క్యాథరాంథిన్‌ను, ఈస్ట్ చేతనే చేయించారు. ఆ రెంటినీ అతికిస్తే విన్‌బ్లాస్టిన్.

గ్రాము మందుకు ఇన్ని వందల, వేల కిలోల ఆకు కావాలనే లెక్క తెలిస్తే వాట్సాప్‌లో తిరిగే "రోజూ అయిదు బిళ్ళ గన్నేరు ఆకులు నమిలితే క్యాన్సర్ మాయం" మెసేజ్ విలువ ఎంతో తెలుస్తుంది. అయిదు ఆకుల్లో ఆ మందు లెక్కలోకి రానంత. అయితే ఆకు నిరపాయమని కాదు. అందులో ఆల్కలాయిడ్లు అనే, ఒంటి మీద పనిచేసే మొక్క రసాయనాలు వందకు పైగా ఉన్నాయి, బీపీని, షుగర్‌ను ఎటో లాగేవీ వాటిలో ఉన్నాయి. కీమోలో ఉన్న మనిషి కాలేయం మీద ఇంకో పని మోపడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

నరాలు మళ్లీ కోలుకుంటాయా అన్నది తల్లిదండ్రులందరూ అడిగే ప్రశ్న. చాలామందిలో కోలుకుంటాయి, కానీ నెలలు పడుతుంది. మందు ఆపిన వెంటనే తగ్గకపోగా కొన్ని వారాలు ఇంకాస్త ఎక్కువ కావడం కూడా ఉంది, ఎందుకంటే దెబ్బతిన్న పోగు మొదటి నుంచి చివరి దాకా మళ్లీ సరుకు అందుకోవాలి. ఈలోగా ఫిజియోథెరపిస్ట్ పాదాన్ని పైకి సాగదీసే వ్యాయామం చెబుతారు, అవసరమైతే పాదం వాలకుండా ప్లాస్టిక్ పట్టీ కట్టిస్తారు. హవాయి చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్నవి కొనమంటారు. తర్వాతి ఓపీలో పిల్లవాడిని మళ్లీ మడమల మీద నడిపించి, ఈసారి ఎన్ని అడుగులు వేశాడో కేసు షీటులో రాసుకుంటారు.